టికెట్ల లెక్క మొదలయ్యాక మా టీమ్ మూగబోయింది

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమె తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా పనిచేసి, ఏడాదిన్నర క్రితం టీమ్ లీడ్ అయ్యారు. ఎనిమిది మందిని ఆమెకు అప్పగించారు. బీమా క్లెయిముల మొత్తాన్ని లెక్కగట్టే ఒక పాత సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండడం వాళ్ల పని. పదకొండేళ్ల నాటి కోడ్ అది. ఎవరో రాశారు, తరువాత ఎవరెవరో వచ్చి అతుకులు వేశారు. అయినా మొదటి పది నెలలు పని సాఫీగానే సాగిందని ఆమె అంటున్నారు.

ఎనిమిది నెలల క్రితం కంపెనీ పెద్దలు ఒక కొత్త పద్ధతి తెచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో సరిచేయమని నమోదయ్యే ఒక్కో పనినీ టికెట్ అంటారు. ఎవరు ఎన్ని టికెట్లు పూర్తిచేసి మూసేశారో చూపే పట్టికను ప్రతి శుక్రవారం అందరికీ పంపుతారు. నెలాఖరుకు మొదటి ముగ్గురికి బోనస్. రెండు నెలలపాటు అంకెలు పెరిగాయి, మేనేజర్ మెచ్చుకున్నారు. మూడో నెల నుంచి మూసేసిన టికెట్లే మళ్లీ తెరుచుకోసాగాయి. తేలికైనవాటిని ఏరుకోవడం మొదలైంది. కొన్ని కేసుల్లో ఒకే బిల్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చే గడ్డు సమస్య ఒకటి ఐదు వారాలుగా అలాగే పడి ఉంది. ముగ్గురికి అప్పగిస్తే ముగ్గురూ ఏదో ఒక కారణం చెప్పి తిప్పి పంపారు.

టీమ్‌లో అందరికన్నా అనుభవం ఉన్న ఒకాయన గురించి ఆమె ప్రత్యేకంగా రాశారు. కోడ్ రివ్యూ చేసేటప్పుడు, అంటే తోటివాళ్లు రాసిన కోడ్‌ను పరిశీలించేటప్పుడు, ఆయన ఒకప్పుడు ఐదారు వరుసలు రాసేవారు. ఇక్కడ సున్నా వస్తే ఏమవుతుంది, ఈ పేరు చూసి ఆరు నెలల తరువాత వచ్చేవాళ్లకు సంగతి అర్థమవుతుందా అని అడిగేవారు. ఇప్పుడు ఏది పంపినా ఒకటే మాట: 'సరే'. చదువు ముగించి నేరుగా వచ్చి చేరిన ఒక అమ్మాయి మొదట్లో మీటింగుల్లో ప్రశ్న మీద ప్రశ్న వేసేది. ఇప్పుడు నోరు విప్పడం లేదు. ఇద్దరు రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఇద్దరూ జీతమే కారణమని చెప్పారు.

టీమ్‌లో ఉత్సాహం పెంచడానికి నెలలోగా ఒక ప్రణాళిక ఇవ్వమని మేనేజర్ ఇప్పుడు అడుగుతున్నారు. ఆయన దృష్టిలో ఉన్నవి మూడు దారులు. బోనస్ పెంచడం, కంప్యూటర్ ముందు ఎవరు ఎంతసేపు పనిచేస్తున్నారో గమనించే సాఫ్ట్‌వేర్ పెట్టడం, అందరినీ ఒక విహారయాత్రకు తీసుకువెళ్లడం. ఉత్తరం చివర్లో ఆమె ఇలా అడిగారు: "మంచి జీతాలే తీసుకుంటున్నారు కదా, వీళ్లకు ఇంకా ఏం కావాలి? టీమ్‌ను నడిపించడం నాకు చేతకాదా? మళ్లీ కోడ్ రాసుకునే పనికి వెళ్లిపోనా?"

మీ ఉత్తరం చదువుతూ నేను ఆ 'సరే' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒక మనిషి రాసే ఆరు వరుసలు ఒక్క మాటకు కుదించుకుపోవడం చాలామంది లీడ్‌ల కంట పడదు. అంకెలు చూస్తారు, గడువులు చూస్తారు. మీ కంట అది పడింది, పడి మిమ్మల్ని బాధపెట్టింది. కాబట్టి చేతకానితనం మాట కాసేపు పక్కన ఉంచండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మీరు సగం వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి ఒకటి ఉంది. పట్టిక మొదలైన నెలలోనే, లెక్కలు కట్టే భాగాన్ని తిరగరాయడానికి టీమ్ రెండు నెలలు అడిగిందని, పైవాళ్లు కుదరదన్నారని రాశారు. కారణం చెప్పారో లేదో రాయలేదు. చెప్పి ఉండరనే నా అనుమానం. ఆ నెలను ఒకసారి టీమ్ వైపు నుంచి చూడండి. రోజూ ఆ కోడ్‌తో కుస్తీ పట్టేవాళ్లు 'ఇక్కడ పునాదే కుంగుతోంది, బాగుచేయనివ్వండి' అన్నారు. బాగుచేయడం కుదరదు, గోడ పగుళ్లకు ఎన్ని పూతలు పూశారో వారం వారం లెక్క చెప్పండి అని జవాబు వచ్చింది. తన అభిప్రాయంతో ఇక్కడ ఎవరికీ పని లేదని మీ 'సరే' మనిషికి ఆ రోజే అర్థమై ఉంటుంది. అటువంటి చోట ఎవరైనా ఆరు వరుసలు ఎందుకు రాస్తారు?

'వీళ్లకు ఇంకా ఏం కావాలి' అన్న ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. డబ్బు ఎంత పోస్తే ఉత్సాహం అంత ఉబుకుతుందని. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిసి, మీ ఉద్యోగంలో మీకు మహా సంతోషం కలిగిన సందర్భం చెప్పండి, మహా విసుగు కలిగిన సందర్భం చెప్పండి అని అడిగారు. 1959లో అది పుస్తకంగా వచ్చింది. సంతోషం కలిగిన సందర్భాల్లో ఎక్కువగా వినిపించినవి పని సాధించడం, గుర్తింపు, పని స్వభావం, బాధ్యత. విసుగు సందర్భాల్లో కంపెనీ నియమాలు, పైఅధికారుల తీరు, పని పరిస్థితులు ముందుకొచ్చాయి. జీతం కూడా ప్రధానంగా ఈ రెండో గుంపులోకే వెళ్లింది. తక్కువైతే మనిషిని కుళ్లబొడుస్తుంది. సరిపడా ఉంటే, అంతకు మించి ఎంత పెంచినా పని మీద ప్రేమ ఆ లెక్కన పెరగదు. ఈ అధ్యయనం మీద విమర్శ కూడా ఉంది. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే పరిసరాల తప్పు అని చెప్పుకోవడం మనుషులకు అలవాటు కదా అని. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా ఆయన అడిగిన ఆ రెండు ప్రశ్నలు మాత్రం గుర్తుంచుకోండి, మీకు పనికొస్తాయి.

జీతం సంగతి తేలిగ్గా తీసిపారేయమని నేను చెప్పడం లేదు. మీ టీమ్‌లో వాళ్ల జీతం బయట ఇదే పనికి ఇచ్చేదానికన్నా నిజంగా తక్కువైతే, ముందు అది సరిచేయాలి. లేకపోతే మిగతావన్నీ మాయమాటల్లా వినిపిస్తాయి. వెళ్లిపోయిన ఇద్దరూ జీతమే కారణమన్నారు. అది నిజం కావచ్చు. కానీ వెళ్లిపోయేవాళ్లు చెప్పే కారణాల్లో ఎవరినీ నొప్పించనిది జీతమే. 'ఇక్కడ నా పనికి అర్థం లేకుండా పోయింది' అని చెప్పి బయటపడడానికి చాలా ధైర్యం కావాలి, పైగా రేపు వాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పవలసింది మీరే. వాళ్లిద్దరితో మీకు ఇంకా మాటలున్నాయి కాబట్టి ఒకసారి ఫోను చేయండి. కొత్త ఉద్యోగంలో ఏం బాగుందో అడగండి. ముందుగా దేని గురించి మాట్లాడతారో అది గట్టి సమాచారం.

ఇక బోనస్. ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ మేనేజర్ ముందుంచిన మొదటి దారి ఇదే. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు ముక్కలు కలిపి ఆకారాలు చేసే పజిల్ ఇచ్చాడు. కొందరికి ఒక్కో పజిల్‌కు ఇంత అని డబ్బిచ్చాడు, మిగతావాళ్లకు ఇవ్వలేదు. ఆ తరువాత డబ్బు ఆపేసి, మధ్యలో కాసేపు ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేసి చూశాడు. డబ్బు రుచి చూసినవాళ్లు ఆ ఖాళీ సమయంలో పజిల్ మీద గడిపిన సేపు తగ్గింది. 1999లో డెసీ, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ ర్యాన్ ఇటువంటి 128 ప్రయోగాలను కలిపి చూశారు. ఇది చేస్తే ఇంత ఇస్తాం అని ముందే చెప్పి ఇచ్చే బహుమతులు, అప్పటికే ఆసక్తి ఉన్న పని మీద ఆ ఆసక్తిని తగ్గించాయని తేలింది. 'ఇది బాగా చేశారు' అని వివరంగా చెప్పిన మంచిమాట మాత్రం ఆసక్తిని పెంచింది.

దీన్ని పట్టుకుని డబ్బు తీసుకుంటే ఇష్టం చస్తుందని అనుకోకండి. కరీం లఖానీ, రాబర్ట్ వోల్ఫ్ 2005లో ప్రచురించిన సర్వేలో 287 ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగలిగే) ప్రాజెక్టులలో పనిచేస్తున్న 684 మంది డెవలపర్లను పరిశీలించారు. వాళ్లను నడిపించే కారణాల్లో అన్నిటికన్నా బలమైనది ఆ పనిలో దొరికే ఆనందం, ఏదో సృష్టిస్తున్నామన్న భావన. వాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఆ పనికి జీతం వస్తోంది కూడా! జీతం వాళ్ల ఇష్టానికి అడ్డురాలేదు. నా ఉద్దేశంలో తేడా ఇక్కడుంది. నెల జీతం మనిషిని బతుకు దిగులు నుంచి విడిపించి పని వైపు తిప్పుతుంది. టికెట్‌కు కట్టిన వెల ఆ మనిషి చూపును పని నుంచి టికెట్ వైపు తిప్పుతుంది. మీ టీమ్‌లో జరిగింది ఇదే. వాళ్లు సోమరులు కాలేదు, స్వార్థపరులూ కాలేదు. కంపెనీ ఏది లెక్కిస్తానందో అది చేసి చూపించారు.

ఒకే బిల్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చే సమస్యనే తీసుకోండి. దాన్ని పట్టుకున్నవాళ్లు ఏం చేయాలి? అది ప్రతిసారీ రాదు, కొన్ని కేసుల్లోనే వస్తుంది. ముందు దాన్ని మళ్లీ పుట్టించగలగాలి. పాత రికార్డులు తవ్వాలి. రెండు రోజులు పోయాక తాము అనుకున్న కారణం తప్పని తేలవచ్చు. మళ్లీ మొదటికి రావాలి. వారం గడిచాక చివరికి దొరికేది రెండు వరుసల మార్పు. శుక్రవారం పట్టికలో వాళ్ల పేరు పక్కన ఒకటి అని ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లు అదే వారంలో బటన్ల రంగులు, అక్షర దోషాలు సరిచేసి పద్నాలుగు అని వేయించుకుని ఉంటారు. అందరూ చూస్తుండగా ఆ ఒకటిని మోయడం ఎవరికి ఇష్టం? ముగ్గురు తిప్పి పంపారని మీరు బాధపడ్డారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ తిప్పి పంపేవాణ్ణేమో.

కొత్త అమ్మాయి మౌనానికి కూడా మూలం ఇక్కడే ఉందనుకుంటున్నాను. ఆమె ప్రశ్న వేస్తే ఎవరో ఒకరు ఇరవై నిమిషాలు కూర్చుని చెప్పాలి. పట్టిక ముందు ఆ ఇరవై నిమిషాలు నష్టం. ఎవరూ ఆమెను కసురుకుని ఉండరు. కానీ జవాబు చెప్పేవాళ్లు స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండా చెబుతుంటే, నాలుగుసార్లు చూసిన పిల్లకు ఐదోసారి అడగబుద్ధి కాదు. నేర్పించడం నష్టం, అడగడం భారం అయిన చోట తప్పులు లోపలే దాక్కుంటాయి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల నర్సింగ్ జట్లను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే జట్లలోనే మందుల తప్పులు ఎక్కువగా నమోదైనట్లు కనిపించి ఆశ్చర్యపోయారు. అక్కడ తప్పులు ఎక్కువ జరిగి కాదు, భయం లేకుండా చెప్పుకోగలిగి నమోదయ్యాయని ఆమె తరువాత గ్రహించారు. జట్లలో భయం లేకుండా మాట్లాడగలగడం మీదే 1999లో ఆమె మరో పరిశోధన పత్రం రాశారు. మీ దగ్గర మూసేసిన టికెట్లు మళ్లీ తెరుచుకోవడాన్ని ఈ వెలుగులో చూడండి. 'ఇది నాకు పూర్తిగా అర్థం కాలేదు' అని ఒక్కరు అనగలిగి ఉంటే వాటిలో ఎన్ని మొదటిసారే సరిగ్గా మూతపడేవో.

మేనేజర్ చెప్పిన మిగతా రెండు దారుల గురించి పెద్దగా చెప్పేది లేదు. కీబోర్డును గమనించే సాఫ్ట్‌వేర్ పెడితే కీబోర్డు చప్పుడు పెరుగుతుంది. గడ్డు సమస్య గురించి ఆలోచిస్తూ కిటికీలోంచి బయటికి చూసే అరగంట ఆ లెక్కలో సోమరితనంగా పడుతుంది. మిమ్మల్ని నమ్మడం లేదని చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన మార్గం లేదు, ఆ తరువాత ముందుగా వెళ్లిపోయేది బయట ఉద్యోగం సులువుగా దొరికేవాళ్లు, అంటే మీ 'సరే' మనిషి. విహారయాత్ర వల్ల హాని లేదు. కాకపోతే డేనియల్ కూగర్, రాబర్ట్ జవాకీ 1980 నాటికే కంప్యూటర్ రంగంలో పనిచేసేవాళ్ల మీద పెద్ద అధ్యయనం చేసి, ఇతర వృత్తులవాళ్లతో పోలిస్తే వీళ్లలో ఎదగాలన్న తపన బాగా ఎక్కువని, నలుగురితో కలిసి గడపాలన్న అవసరం తక్కువని చెప్పారు. అప్పటి పని వేరు, ఇప్పటి పని వేరు. ఇప్పుడు ఒంటరిగా చేసే ప్రోగ్రామింగ్ చాలా తక్కువ. అయినా ఎదుగుదల దొరకనివాళ్లకు షికారు దాని బదులు కాలేదు.

నేను చాలాకాలం కిందట మీ పనిలోనే ఉన్నాను. ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ మాది. రెండేళ్లు టికెట్లు మూశాను. ఒకరోజు ఏదో పని మీద ఆ ఆసుపత్రి కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడవలసి వచ్చింది. అక్కడ పనిచేసే ఆమె ప్రతి రోగి నంబరునూ పెన్సిల్‌తో ఒక చిన్న కాగితం ముక్క మీద రాసుకుని, స్క్రీన్ మారాక అది చూసి మళ్లీ టైపు చేస్తోంది. ఎందుకని అడిగాను. "ఇందులో పక్క పేజీకి వెళితే నంబరు పోతుందండీ" అంది మామూలుగా, వాన కురిస్తే తడుస్తుందండీ అన్నట్లు. ఆమె వేళ్ల కొసలు పెన్సిల్ మసితో నల్లబడి ఉన్నాయి. తిరిగి వచ్చి ఆ మధ్యాహ్నమే దాన్ని సరిచేశాను. అంతకుముందు ఆ సమస్య ఒక టికెట్‌గా మా దగ్గర ఏడు నెలలు ఉంది, 'అంత ముఖ్యం కాదు' అన్న గుర్తుతో. ఆ గుర్తు పెట్టింది నేనే. ఆ రెండేళ్లలో అంత ఇష్టంగా పనిచేసిన రోజు నాకు మరొకటి గుర్తు లేదు.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. విద్యార్థుల స్కాలర్‌షిప్‌ల కోసం ఫోనులో విరాళాలు అడిగే ఉద్యోగులకు, ఆ డబ్బుతో చదువుకున్న ఒక విద్యార్థిని ఐదు నిమిషాలు కలిపించి చూశారు ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు. 2007లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, నెల తరువాత వాళ్లు ఫోనులో గడిపే సమయం రెట్టింపు దాటింది. జీతం మారలేదు, పైవాళ్ల ఒత్తిడి మారలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద అప్పటిదాకా వచ్చిన 92 పరిశోధన పత్రాలను 2008లో సారా బీచమ్ బృందం పరిశీలించినప్పుడు కూడా తరచుగా కనిపించిన ప్రేరణ ఇటువంటిదే: చేస్తున్న పని ఏమిటో, ఎందుకో, మొత్తంలో అది ఎక్కడ ఇముడుతుందో తెలిసి, దాన్ని తనదనుకోగలగడం. అందరు ఇంజినీర్లనూ ఒకే గాటన కట్టడానికి లేదని కూడా వాళ్లు చెప్పారు. ఒకరికి కొత్త సాంకేతికత కావాలి, ఒకరికి సమయానికి ఇంటికి వెళ్లడం కావాలి.

మరొక సంగతి మీ ఉత్తరంలో మూలన పడి ఉంది. టెస్ట్ సర్వర్ మీద ఒక మార్పును పరీక్షించడానికి నలభై నిమిషాలు పడుతోందని రాశారు. రోజుకు ఐదుసార్లు పరీక్షించవలసిన మనిషి అందులో ఎంతసేపు చేతులు కట్టుకుని కూర్చుంటారో లెక్కవేయండి. 2017లో 1,300 మందికి పైగా డెవలపర్లను మీకు ఏది బాధ కలిగిస్తుందని అడిగితే, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు సమస్య మధ్యలో ఇరుక్కుపోవడం. తరువాత గడువుల ఒత్తిడి, ఆ తరువాత నాసిరకం కోడ్. మీ టీమ్‌కు మూడూ ఉన్నాయి. తెరెసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ ఏడు కంపెనీలలో 238 మందితో రోజూ డైరీ రాయించి, సుమారు 12,000 రోజుల రాతలు చదివి, మంచి రోజుకూ చెడ్డ రోజుకూ తేడా తెచ్చేది అర్థమున్న పనిలో ఒక అడుగైనా ముందుకు పడడమేనని చెప్పారు. సర్వర్‌ను బాగుచేయించడం ఎవరి ప్రణాళికలోనూ 'ప్రేరణ' అన్న శీర్షిక కింద కనిపించదు. నన్నడిగితే మీ చేతిలో ఉన్న గట్టి మందు అదే.

ఇప్పుడు మీరు ఏం చేయవచ్చో చూద్దాం. ఏ దారికైనా వెల ఉంది, అది ముందే తెలియాలి.

పట్టికనూ బోనస్‌నూ ఒకేసారి ఎత్తేయమని అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థ ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి వరుసలో నిలబెట్టే రేటింగ్ పద్ధతిని ఏళ్ల తరబడి నడిపి, 2013 నవంబరులో ఎత్తేసింది. ఆ ఉదాహరణ మేనేజర్‌కు పనికొస్తుంది. అయితే ఎనిమిది నెలలుగా ఆ బోనస్ అందుకుంటున్న ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి ఉండవచ్చు. చెప్పాపెట్టకుండా తీసేస్తే వాళ్ల దృష్టిలో అది శిక్ష. ఆ మొత్తాన్ని అందరి జీతంలో కలపగలరేమో అడగండి. కుదరకపోతే మూడు నెలల ముందు చెప్పి ఆపండి. ఎత్తేయడానికి మేనేజర్ ఒప్పుకోకపోతే, కనీసం పేర్లతో పట్టిక పంపడం ఆపి టీమ్ మొత్తానికి ఒకే అంకె చూపమని అడగండి. అది సగం మేలు. పోటీ తగ్గుతుంది, ఏరుకోవడం కొంత మిగులుతుంది.

టికెట్లు పంచే బదులు సాఫ్ట్‌వేర్‌లోని భాగాలనే పంచవచ్చు. ఇద్దరిద్దరికి ఒక భాగం. దానిలో ఏది ముందు, ఏది తరువాత అన్నది వాళ్లే తేల్చుకుంటారు. అందులో వచ్చే సమస్య చిన్నదైనా పెద్దదైనా వాళ్లదే కాబట్టి గడ్డు సమస్య అనాథగా మిగలదు. కానీ ఉన్నది ఆరుగురే. ఒకరు సెలవు పెడితే ఒక భాగం కుంటుతుంది, ఒకరు మానేస్తే ఆ జ్ఞానం సగం పోతుంది. ఎవరూ కోరుకోని భాగం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని కొత్త అమ్మాయికి అంటగట్టకండి. ఆరు నెలలకొకసారి జతలు మారితే ఈ చిక్కులు పోవు గాని తట్టుకోగలిగేంత అవుతాయి.

పాత కోడ్ బాగుచేయడానికి వారంలో ఒక రోజు కేటాయించవచ్చు. ఒకేసారి రెండు నెలలు ఇవ్వనివాళ్లు వారానికో రోజు ఇవ్వవచ్చు, అది అడిగి చూడదగిన బేరమే. దీని వెల అంకెల్లో కనిపిస్తుంది. రెండు మూడు నెలలు మూసే టికెట్ల సంఖ్య తగ్గుతుంది. ఆ తగ్గుదల గురించి మేనేజర్‌కు ముందే కాగితం మీద రాసి ఇచ్చి ఒప్పించకపోతే, రెండో నెలలో ఎవరో ఒకరు కంగారుపడి ఆ రోజును లాగేసుకుంటారు. ఇచ్చి లాక్కోవడం ఇవ్వకపోవడం కన్నా చాలా చెడు చేస్తుంది. ఒప్పించలేమని తోస్తే ఈ దారి మొదలే పెట్టకండి. అప్పుడు సర్వర్ ఒక్కటి బాగుచేయించండి, చాలు.

క్లెయిములు పరిశీలించే సిబ్బంది పక్కన మీ ఆరుగురినీ ఒక్కొక్క పూట కూర్చోబెట్టడం వీటన్నిటికన్నా చౌక. దానికి ఎవరి అనుమతి అక్కర్లేదంటే మొదటి వారంలోనే చేయండి. నష్టమల్లా ఒకటే, తిరిగి వచ్చాక వాళ్లు బాగుచేయాలనుకునేవి పదింతలు అవుతాయి. వాటిలో ఒక్కటీ చేయనివ్వకపోతే ఆ పూట వాళ్లకు బాధగానే మిగులుతుంది.

మీ గురించి. మళ్లీ కోడ్ రాసుకునే పనికి వెళ్లడం ఓటమి కాదు. మంచి లీడ్‌లు చాలామంది అటూ ఇటూ తిరిగినవాళ్లే. కానీ ఇప్పుడు వెళితే మీ స్థానంలో వచ్చేవాళ్లకు ఆ పట్టిక ఒక వారసత్వంలా అందుతుంది, మీకేమో 'నాకు చేతకాలేదు' అన్న మాట మిగిలిపోతుంది, అది నిజం కాకపోయినా. పట్టిక పోయి, పని ఒక దారిన పడ్డాక కూడా మీ మనసు కోడ్ వైపే లాగుతుంటే అప్పుడు వెళ్లండి. అది ఇష్టంతో వెళ్లడం అవుతుంది. ఒకవేళ నెల తరువాత మేనేజర్ ఏదీ ఒప్పుకోకుండా గమనించే సాఫ్ట్‌వేరే పెట్టిస్తే, అక్కడ మీరు ఎన్నాళ్లు ఉండాలన్నది వేరే ప్రశ్న. దానికి మళ్లీ ఉత్తరం రాయండి.

మీ తప్పు కొంత ఉంది, అది కూడా చెప్పాలి. పట్టిక పైనుంచి వచ్చినా, ఎనిమిది నెలలుగా ప్రతి శుక్రవారం దాన్ని పంపుతున్నది మీరు. అది తప్పుడు కొలత అని టీమ్ ముందు ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడైనా అనవచ్చు. 'ఈ పద్ధతి మనల్ని చెడగొట్టింది, నేను ముందే అడ్డుచెప్పవలసింది' అని రెండు వాక్యాలు. దీనివల్ల మేనేజర్‌కు మీ మీద కోపం రావచ్చు, అందుకే ముందు ఆయనకు చెప్పి, తరువాత టీమ్‌కు చెప్పండి. మీ మాటకు టీమ్‌లో కొందరు వెంటనే కరగరు. ఎనిమిది నెలల్లో పోయిన నమ్మకం ఒక మీటింగుతో రాదు.

ఇక ఆ 'సరే' మనిషి. ఎదురుగా కూర్చోబెట్టుకుని 'మీకేం కావాలి' అని అడగకండి, 'ఏమీ లేదండీ, అంతా బాగానే ఉంది' అంటారు. హెర్జ్‌బర్గ్ అడిగిన మొదటి ప్రశ్న అడగండి. ఇక్కడికి వచ్చాక మీకు బాగా తృప్తినిచ్చిన పని ఏది? ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో పరిష్కారాలు అందించకండి. తిరగరాయాలన్న టీమ్ ప్రతిపాదన పాత కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని మీరు ముందే వెతికి, చదివి, అర్థం కాని చోట గుర్తులు పెట్టుకుని వెళ్లండి. ఆ తరువాత, ఆయనకు తీరిక ఉన్న ఒక రోజు, ఐదు వారాలుగా పడి ఉన్న ఆ టికెట్‌ను తెరిచి ఆయన పక్కన కుర్చీ వేసుకోండి. మీరూ తొమ్మిదేళ్లు కోడ్ రాసినవారే. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కడ లెక్కలోకి వస్తోందో ఇద్దరూ కలిసి వెతకండి, ఆ అమ్మాయిని కూడా పిలిచి కూర్చోబెట్టుకుని.